గజాధర్ బాబు మంచము

హిందీ కథాసాహిత్యమున వృద్ధాప్యమును గూర్చిన కథలకు కొదువ లేదు. కాని వానిలో అనేకములందు ముసలితనము ఒక నెపము మాత్రమే. రచయిత వృద్ధుని నడుమ నిలిపి చుట్టునున్నవారి కాఠిన్యమును చూపును. చదువరి కంట తడి పెట్టును. తుదకు కఠినాత్ములలో ఎవరో ఒకరు కరగిపోవుదురు. ఉషా ప్రియంవద 1960లో ప్రకటించిన ‘వాపసీ’ ఈ పద్ధతికి లోబడిన కథ కాదు. అందలి గజాధర్ బాబు దరిద్రుడు కాడు, రోగి కాడు, దిక్కులేనివాడు కాడు. 35 ఏండ్లు రైల్వేలో పనిచేసి, పట్టణమున ఇల్లు కట్టించి, పెద్ద కొడుకునకు, పెద్ద కూతునకు పెండ్లిండ్లు చేసి, మర్యాదగా పదవీ విరమణ చేసిన గృహస్థు. ఆయనకు జరిగిన అన్యాయమేమని అడిగినచో బదులు చెప్పుట కష్టము. ఎవరును ఆయనను దూషింపలేదు, అన్నము పెట్టక మాడ్చలేదు, ఆస్తి లాగుకొనలేదు. ఆయన మంచమునకు ఇంటిలో చోటు కుదరలేదు. అంతే.

ఈ ‘అంతే’ అనుదానిలోనే కథ యొక్క బలమంతయు ఉన్నది. దానిని కుటుంబవిచ్ఛిత్తి కథ యనియు, కృతఘ్నులైన సంతానము కథ యనియు పేర్కొని ముగించుట పరిపాటి. పాఠ్యపుస్తకములకు ఆ మాట చాలును. కథను మరియొకసారి నిదానముగ చదివినవారికి మాత్రము అది చాలదు.

కథ సామాను కట్టుటతో మొదలగును. చిన్న స్టేషనులోని రైల్వే క్వార్టరు ఖాళీ యగుచున్నది. నౌకరు గణేశి పెట్టెలు సర్దుచున్నాడు. వాని ఇల్లాలు బాబుగారికై సెనగపిండి లడ్డూలు చేసి పంపినది. పిల్లల చదువులు చెడకుండుటకై భార్యను పట్టణమున నుంచి, తాను మారుమూల స్టేషన్లలో ఒంటరిగ కాలము వెళ్లబుచ్చిన మనిషి గజాధర్ బాబు. ఒకనాటికి అందరి నడుమ నుండగలనను తలంపే ఆయనను ఇన్నాళ్లు నిలిపినది. ఇల్లు చేరిన తరువాత ఒక ఆదివారపు ఉదయమున లోపలినుండి నవ్వులు వినవచ్చును. ఆయనయు నవ్వుచునే లోనికి పోవును. రెండవ కొడుకు నరేంద్రుడు ఏదో సినిమా నాట్యమును అనుకరించుచున్నవాడు చటుక్కున కూర్చుండును; కోడలు కొంగు తలపైకి లాగుకొనును; నవ్వు ఆగిపోవును. అచ్చట ఎవరి తప్పును లేదు. తండ్రి వచ్చినపుడు కొడుకులు సర్దుకొని కూర్చుండుట మన దేశమున మర్యాదయే గదా! ఆ మర్యాదయే ఆయనను వెలుపల నిలుపుచున్నదని రచయిత్రి ఒక్క వాక్యమైన వ్యాఖ్యానించక చూపినది.

ఇక మంచము. ఆయనకంటూ ఇంటిలో ఒక గది మిగులలేదు. మొదట కుర్చీలను ప్రక్కకు నెట్టి ముందుగదిలో ఒక మంచము వేసిరి, చుట్టము వచ్చిన ఇంటిలో వేసినట్లు. వచ్చిపోవువారికి అది అడ్డముగ నున్నదను మాట పుట్టినది. ఒకనాడు ఆయన నడకకు పోయి వచ్చుసరికి మంచము అక్కడ లేదు; భార్య చిన్నగదిలో ఊరగాయ జాడీలకును, డబ్బాలకును నడుమ చేరినది. ఆయన ఏమియు అనలేదు. కోటు తగిలించుటకు గోడవంక చూచుకొనెను. రాజ్యభ్రష్టులైన రాజులను గూర్చి మన ప్రబంధకవులు సీసములు వ్రాసిరి. ఒక రైల్వే ఉద్యోగి స్థానభ్రంశమునకు ఒక మంచము గదినుండి గదికి మారుట చాలినది.

ఈ కథను భిలాయి ఉక్కునగరమున నుండి చదువు తెలుగువానికి ఇందు మరియొక అర్థము స్ఫురించును. భిలాయి కర్మాగారమునకై భారత సోవియట్ ప్రభుత్వముల ఒప్పందము 1955 ఫిబ్రవరి 2న జరిగినది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించెను. ‘వాపసీ’ అచ్చయినది దాని మరుసటి ఏటనే. నాడు ఆ నగరమున గజాధర్ బాబులు లేరు. దుర్గు మండలపు పొలముల నడుమ సెక్టార్లుగ గీతలు గీసి కట్టిన ఊరు. పనికి వచ్చినవారందరును యువకులు, కొత్త పెండ్లికొడుకులు. సాధారణముగ ఒక ఊరిలో తాత, తండ్రి, మనుమడు ఏకకాలమున నుందురు; కాలము మూడు వయస్సులుగ ఎదుట నిలిచి కనబడుచుండును. భిలాయిలో తొలినాళ్ల కాలమంతయు ఒకే వయస్సులో నుండెను. అందువలన ఆ తరము వారికి ముసలితనమును అలవాటు చేసికొను అవకాశమే దొరకలేదు. అరువది నిండిన పిదప ఒకరి వెనుక ఒకరుగ అందరును ఒక్కసారి ముసలివారైరి.

ఆ వచ్చినవారిలో శ్రీకాకుళము, విశాఖపట్టణము మండలముల తెలుగువారు అనేకులు. 1931లో పూర్తియైన రాయపురము–విజయనగరము రైలుమార్గము వారికి రాకపోకల దారి. గజాధర్ బాబు కుటుంబమును పట్టణమున విడిచి తాను స్టేషన్ల వెంట తిరిగినాడు. వీరు కుటుంబమును వెంటబెట్టుకొని వచ్చి ఊరిని విడిచిరి. ఆయన మంచము ఇంటిలో ఇరుకున పడెను. వీరి మంచమెచ్చట వేయవలెనన్నదే ప్రశ్న. క్వార్టరు ఉద్యోగముతో వచ్చినది, ఉద్యోగముతో పోవునది. కొందరు దుర్గు, రిసాలి, సుపేలా వైపుల చిన్న ఇండ్లు కట్టుకొనిరి. కొందరు సామానంతయు లారీకెత్తి పుట్టిన ఊరు చేరిరి. అచ్చట అన్నదమ్ముల పిల్లలు వారిని ‘భిలాయి పెదనాన్న’ యని పిలుతురు. ఆ పిలుపున ప్రేమ లేకపోలేదు. కాని ఊరిపేరు చేర్చి పిలువబడువాడు ఆ ఇంటివాడు కాడు. భిలాయిలో నున్నపుడు ఆయన ఆంధ్రవాడు, ఆంధ్రదేశమునకు వచ్చినపుడు భిలాయివాడు. తన్ను తాను ఏమని చెప్పుకొనవలెనో ఆయనకు తెలియును; ఎదుటివారికి చెప్పుటయే కష్టము.

గజాధర్ బాబు విషయమున రచయిత్రి ఈ చిక్కును ‘బాబు’ అను ఒక్క మాటలో పొదిగినది. స్టేషనులో అందరికి ఆయన బాబు. మిల్లు యజమాని సేఠ్ రాంజీమల్ మనుష్యులు సాయంకాలమున వచ్చి ఆయనతో ముచ్చటించుచుండిరి. వేకువనే గణేశి తెచ్చు గాజుగ్లాసు నిండ చాయ, మీగడ, సరిపోయినంత పంచదార! ఇంటిలో ఆ చాయ లేదు. ఇది రుచికి సంబంధించిన కొరత కాదు. ఒక మనిషి నిద్రలేచు వేళ ఏదో, ఆయనకు ఎన్ని చెంచాల పంచదార వలెనో తెలిసిన లోకము ఒకటుండెను. ఆ లోకము జీతముతో పాటు ఆగిపోయినది. రైలుచక్రముల చప్పుడు ఆయనకు సంగీతమై యుండెనని కథ చెప్పును. బ్లాస్ట్ ఫర్నేసును ఒకసారి రాజేసిన తరువాత ఏండ్ల తరబడి ఆర్పరు. దానిని కనిపెట్టుటకు రాత్రింబగళ్లు మూడు షిఫ్టులు నడచును. మొదటి షిఫ్టునకు చీకటితో లేచినవాడు పదవీ విరమణ చేసిన పిమ్మటను ఆ వేళకే లేచును. లేచి ఏమి చేయవలెనో తెలియక, ఇంటిలో అందరు నిద్రించుచుండగ, వాకిట కూర్చుండును. ‘వాపసీ’లో ఈ కర్మాగారము లేదు, కాని ఆ వాకిట కూర్చున్న మనిషి ఉన్నాడు.

ఉషా ప్రియంవదకు ముందున్న కథలను ఇచ్చట తలచుకొనిన గాని ఆమె చేసిన పని విలువ తెలియదు. ఛత్తీస్‌గఢ్ నేల మీదనే, పెండ్రా నుండి వెలువడిన ‘ఛత్తీస్‌గఢ్ మిత్ర’ పత్రికలో, మాధవరావు సప్రే 1901లో ‘ఏక్ టోకరీ భర్ మిట్టీ’ ప్రకటించెను. హిందీలో మొదటి కథ ఇదియే యను వాదము గలదు. జమీందారు ఒక ముసలి వితంతువు గుడిసెను తన ప్రాంగణమున కలుపుకొనును. ఆమె ఒకనాడు వచ్చి, మనుమరాలు అన్నము ముట్టకున్నదని, పొయ్యి వేయుటకు ఆ నేలనుండి గంపెడు మట్టి అడుగును. గంపను ఎత్తి ఇయ్యమని కోరినపుడు జమీందారు ఎత్తలేకపోవును. ఒక గంపెడే బరువైనపుడు ఈ నేలంతయు ఎట్లు మోయుదువని ఆమె భావము. అతడు సిగ్గుపడి గుడిసెను మరల ఇచ్చివేయును. ప్రేమచందు ‘బూఢీ కాకీ’లో వృద్ధురాలు ఆస్తిని బంధువునకు వ్రాసియిచ్చి, విందునాడు ఆకలితో ఎంగిలి విస్తళ్ల చెంత చేరును, అది చూచిన రూప అను గృహిణి గుండె నీరై పళ్లెము వడ్డించును. భీష్మ సాహనీ ‘చీఫ్ కీ దావత్’ ఇంకను కటువైనది: పైయధికారి విందునకు వచ్చునాడు ముసలితల్లిని ఎచ్చట దాచవలెనని కొడుకు చింత. అచ్చటను పశ్చాత్తాపము లేదు; కాని అచ్చట కొడుకు దోషి యన్నది స్పష్టము. పాఠకునకు కోపగించుకొనుటకు ఒక మనిషి దొరకును.

‘వాపసీ’లో కోపగించుకొనుటకైనను ఎవరును దొరకరు. కరగిపోవుటకు ఒక రూప లేదు, సిగ్గుపడుటకు ఒక జమీందారు లేడు. వృద్ధాప్యమును దుష్టుల దోషముగ గాక, కాలము చేయు పనిగ చూచుట హిందీ కథకు ఇచ్చట పట్టుబడినది. 35 ఏండ్లు రెండు తావుల రెండు విధములుగ గడచినవి. స్టేషనులో గడచిన కాలము గజాధర్ బాబు మనస్సున ఇంటిని ఎట్లున్నదట్లే నిలిపినది. ఇంటిలో గడచిన కాలము ఆయన లేకయే ఇంటిని నడపుట నేర్పినది. రెండు గడియారములును సరియైనవే. అవి ఒకే వేళను చూపవు.

భార్య పాత్రను గూర్చి విమర్శకులు చాలవరకు తొందరపడిరని చెప్పక తప్పదు. ఆమెకు కథలో పేరు లేదు. మొదటినుండి చివరవరకు భార్యయే. ఆయన జ్ఞాపకమున ఆమె చిరునవ్వుతో వాకిట ఎదురుచూచిన పడుచు. ఎదుటనున్నది ఇంటిపనితో అలసి, ఫిర్యాదులు చెప్పి, మాట నడుమనే నిద్రపోవు స్థూలకాయ. నిద్రించుచున్న ఆమెను చూచి ఆయన ఎవరో అపరిచితను చూచినట్లు చూచును. ఈ చూపు క్రూరమైనది. రచయిత్రి స్త్రీయై యుండియు దానిని మెత్తన చేయలేదు. కాని దానిలో ఒక ప్రశ్న దాగియున్నది: ఆయనను చూచి ఆమె ఏమనుకొని యుండును? కథ ఆ వైపునకు తలుపు తెరువదు. 35 ఏండ్లు ఆమెయు ఒంటరియే గదా! నలుగురు పిల్లలను పెంచి, జబ్బులు చూచి, పెండ్లిండ్లు నడపి, నేతిడబ్బాల లెక్క తెలిసి ఇంటికి అధికారిణి యైనది. ఆ డబ్బాల గదిలోనికి ఆయన మంచము వచ్చినది. ఎవరి గది ఇరుకైనది?

రాంజీమల్ చక్కెర మిల్లులో ఉద్యోగమున్నదని ఉత్తరము వచ్చిన తరువాత ఆయన, ఆశపడుచునే, నీవును వత్తువా యని ఆమెను అడుగును. ఇంత సంసారమును, ఈడువచ్చిన పిల్లను విడిచి ఎట్లు రాగలనని ఆమె బదులు. దీనిని నిర్దయ యందురు. కాని ఆమె పోయినచో మిల్లులో ఆమెకు దక్కునదేమి? ఇంటిలో ఆయనకు దక్కినదే. తనకు తెలియని ఊరిలో, తన అధికారము చెల్లని చోట, ఒక పరాయి మంచము. ఆయన ఇంటికి వచ్చి అనుభవించినదానిని ఆమె పోకయే గ్రహించినది. ఇంతటి వివేకము గల పాత్రను హృదయము లేనిదనుట న్యాయము కాదు.

అట్లని కథ యందు లోపములు లేవని కాదు. పిల్లలను రచయిత్రి పైపైన గీసినది. అమరుడు వేరు కాపురము మాట ఎత్తును, నరేంద్రుడు సణుగును, చిన్నకూతురు బసంతి మూతి ముడుచుకొనును. వారి మనస్సులోనికి మనము పోము. అంతకంటె ముఖ్యము, గజాధర్ బాబు పొరపాట్లను కథనము ఆయన కన్నులతోనే చూచుటచే అవి పొరపాట్లని తోచవు. వచ్చిన కొలదిదినములకే ఖర్చు ఎక్కువైనదని నౌకరును మాన్పించెను. వంటపని కూతునకు, కోడలికి పంచిపెట్టెను. పొరుగింటికి పోవలదని బసంతిని కట్టడి చేసెను. స్టేషనులో బాబు మాట చెల్లినట్లు ఇచ్చటను చెల్లునని భ్రమపడిన అధికారి ఆయన. ఉక్కునగరమున ఫోర్‌మన్ పదవినుండి విరమించి, కోడలు గ్యాసు పొయ్యి మంట తగ్గింపలేదని కేకలువేయు పెద్దలను ఎరిగినవారికి ఈ భాగము చదువునపుడు నవ్వు వచ్చును. ఆ నవ్వునకు కథలో తావు లేకపోవుట ఒక కొరత.

తెలుగున దీనికి సరిజోడైన కథ ఏదని వెదకినచో వృద్ధుల కథలకంటె ముందు పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ తోచును. 1952 నాటి న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమానము పొందిన కథ యది. అందును రైలు, అందును చిన్న స్టేషను, అందును జీవితమంతయు క్రమముగ కట్టుకొనిన ఒక పెద్దమనిషి. రావుగారికి నియమములు, సిద్ధాంతములు, హోదా. గాలివాన ఒక్క రాత్రిలో అన్నిటిని ఊడబెరుకును. చీకటిలో మిగిలినది ఒక బిచ్చగత్తె ఒంటి వెచ్చదనము మాత్రమే. పద్మరాజుకు మనిషి ముసుగు తీయుటకు ప్రళయము కావలసి వచ్చినది. ఉషా ప్రియంవదకు ఊరగాయ జాడీలు చాలినవి. ఏది గొప్ప యను వాదమునకు ఇచ్చట పని లేదు. కాని రావుగారికి ఆ రాత్రి పోయినదానికి బదులు ఏదో దొరకినది. గజాధర్ బాబునకు దొరకినది మరియొక ఉద్యోగము.

భిలాయికి సమీపముననున్న రాజనాందగాఁవ్‌లో 1937లో జన్మించిన వినోద్ కుమార్ శుక్ల 1979లో వెలువరించిన ‘నౌకర్ కీ కమీజ్’ను కూడ ఈ ప్రక్కన పెట్టి చూడవలెను. అది ముసలితనపు నవల కాదు. అందు అధికారి యింట నౌకరు కొలతలతో కుట్టిన ఒక చొక్కా యున్నది; ఆ చొక్కాకు సరిపడు మనిషిని వెదకి సంతూబాబు అను గుమాస్తాకు తొడుగుదురు. మనిషికి తగిన చొక్కా గాక చొక్కాకు తగిన మనిషి! గజాధర్ బాబు కథ దీనికి వెనుకవైపు. ఆయన చొక్కాను ప్రభుత్వము మరల పుచ్చుకొనినది. లోపలి మనిషి ఏ కొలతకును సరిపడక నిలిచినాడు. మిల్లునకు పోవుట మరల ఒక చొక్కా తొడుగుకొనుటయే యని శుక్ల పాఠకునకు వెంటనే స్ఫురించును.

ఈ కథను తెలుగు చేయుటలో మొదటి చిక్కు పేరే. హిందీలో ‘వాపసీ’ యన్నమాట దిక్కు చెప్పదు. ఇంటికి మరలివచ్చుటయు వాపసీయే, ఇంటినుండి మరలిపోవుటయు వాపసీయే. కథ మొదట ఆ మాటకు ఒక అర్థము, చివర మరియొక అర్థము. రెంటి నడుమనే కథ నడచినది. తెలుగు దిక్కు చెప్పక ఊరుకొనదు. ‘తిరిగిరాక’ యన్నచో చెప్పువాడు ఇంటిలో నిలిచి చూచుచున్నాడు. ‘తిరుగుప్రయాణము’ అన్నచో స్టేషను వైపు మొగ్గినాడు. ‘వాపసు’ అను మాట మనకును ఉన్నది. కాని మన అంగళ్లలో వాపసు చేయబడునది మనిషి కాదు, సరుకు. అమ్మినవాడు నచ్చలేదని తిరిగి పుచ్చుకొను సరుకు. క్రూరమైనను ఈ అర్థము కథకు దూరము కాదు. అయినను అది పేరులోనే తొంగిచూచినచో రచయిత్రి దాచిన మాటను అనువాదకుడు కేకవేసి చెప్పినట్లగును. ‘మరలుట’ యను మాటకు ఇటు, అటు రెండువైపులును చెల్లును. కొంచెము పాతవాసన గలదన్న మాటేగాని, ఉన్నవానిలో అది మేలు.

రెండవ చిక్కు ముగింపు. ఆయన రిక్షా కదలిపోయిన తరువాత కోడలు సినిమాకు పోదమా యని అడుగును, బసంతి నన్నును తీసికొనిపొమ్మనును. భార్య మిగిలిన తినుబండారములను డబ్బాల చెంత సర్ది, బాబూజీ మంచమును గదినుండి తీసివేయుమని నరేంద్రునకు చెప్పును, నడచుటకైన చోటు లేదని. హిందీ ఇండ్లలో తల్లి బిడ్డతో మాటలాడునపుడు భర్తను ‘బాబూజీ’ యనును. అది బిడ్డ పిలుపు, తల్లి దానిని ఎరువు తెచ్చుకొనును. తెలుగింట ఇల్లాలు ‘మీ నాన్నగారి మంచము’ అనును. వేరొకటి అనదు, ‘నాన్నగారి మంచము’ అన్నచో అది ఆమె తండ్రి మంచమని పొరపడవచ్చును. కాని ‘మీ’ యను ఆ చిన్న అక్షరము చేరగనే ఆయన కొడుకువాడై, ఆమెకు ఏమియు కానివాడగును. హిందీ మూలమున ఆ దూరము లేదు. అచ్చట ఆమె స్వరము పొడిగనున్నదో తడిగనున్నదో తెలియదు. పాఠకుడు తనకు తోచినట్లు వినవచ్చును. తెలుగున ‘బాబూజీ’ని అట్లే ఉంచినచో కథ పరాయి ఇంటిదై పోవును, ‘మీ నాన్నగారు’ అన్నచో ఆమెపై తీర్పు చెప్పినట్లగును. భిలాయి తెలుగు ఇండ్లలో పిల్లలు ‘బాబూజీ’ యనుటయు, తల్లులు తెలుగున మాటలాడుచు ఆ మాటను అట్లే వాడుటయు వినబడుచుండును. అట్టి ఇంటి ఇల్లాలి నోట ‘నరేంద్రా, బాబూజీ మంచము’ అన్నంతవరకు ఉంచి, ‘మీ’ని విడిచిపెట్టుట ఒక దారి.